శీలన్ పేరు మీద ఒక మనవి

జాఫ్నా,
శ్రీలంక,
సెప్టెంబరు 2011

ప్రియమైన అమ్మకు,

నీ ప్రిస్సీ వందనాలు. ఫోన్ చేస్తే నీకు సగం వినబడదు. వినబడని సగాన్ని నువ్వే కల్పించుకుని రాత్రంతా పరేషాన్ అవుతావు. అందుకే ఉత్తరం. మా మాధాపూర్ ఆఫీసు నుంచి ఎవరో ఒకరు ఇక్కడికి వస్తూ పోతూ ఉంటారు. నువ్వు రాసింది ఆ ఆఫీసులో మా లావణ్య చేతికిస్తే నాకు చేరుతుంది.

ఆసుపత్రిలో కంప్యూటర్లు పెట్టే పని బాగానే సాగుతోంది. ఊరి సంగతే ఎలా చెప్పాలో తెలియడం లేదు. యుద్ధం ముగిసి రెండేళ్ళు దాటింది. రైలు స్టేషనుకు పైకప్పు లేదు, పట్టాలూ లేవు. ప్లాట్‌ఫారం మీద మేకలు పడుకుంటాయి. తాటిచెట్లు చాలావాటికి తలలు లేవు. గోడల నిండా గుండ్లు చేసిన బొక్కలు. ఒక ఇంట్లో వంటగది మధ్యలోంచి వేపచెట్టు లేచింది. ఆ వీధిలోంచే పొద్దున్నే పిల్లలు ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని సైకిళ్ళ మీద బడికి పోతుంటారు. మలుపు మలుపుకీ తుపాకీతో సైనికుడు. యుద్ధం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మన గుడి పాస్టరు అయ్యగారు రాసిచ్చిన పరిచయంతో రాసమ్మ టీచరు ఇంట్లో దిగాను. రిటైరైంది, ఒక్కతే ఉంటుంది. ఆదివారం ఆమెతో గుడికి వెళ్ళాను. తమిళం ముక్క రాకపోయినా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో తెలిసిపోయింది. వాళ్ళదీ మనదీ ఒకే సంఘం, ఒకే ఆరాధన క్రమం!

సాయంత్రం ఆమె ఒక ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది. కొడుకు జయశీలన్, ఇంట్లో శీలన్. యుద్ధం మళ్ళీ రాజుకున్న ఏడాది, యోగన్ అనే స్నేహితుడితో కలిసి అవతలి జిల్లాలో పెళ్ళికి వెళ్ళాడట. వెనకాల దారి మూసేశారు. యుద్ధం అయిపోయింది, సైన్యం పెట్టిన శిబిరాల్లోంచి జనం తిరిగొచ్చారు, ఇతను రాలేదు. "ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరినీ ఇదే అడుగుతాను" అంది ఇంగ్లీషులో. "మీ సంఘంలో నా కొడుకు పేరు చెప్పి ప్రార్థన చేయించు." అతని సైకిలు కూడా నాకిచ్చింది. వాడొచ్చేదాకా తొక్కుతూ ఉండు, టైర్లు పాడవకుండా, అంది.

నేనేం చేయగలను అమ్మా? సరేనన్నాను. గురువారం మీ స్త్రీల మైత్రి ప్రార్థన కూటంలో ఈ మనవి పెట్టవూ?

కాల్షియం మాత్రలు మానేస్తే ఊరుకోనని చెబుతూ,
నీ ప్రిస్కిల్లా

*

మియాపూర్,
సెప్టెంబరు

ప్రియమైన ప్రిస్సీకి,

వేసుకుంటున్నాలే, పెద్ద డాక్టరమ్మవు బయల్దేరావు! ముప్పై ఏళ్ళు దవాఖానలో జనం చేత మాత్రలు మింగించినదాన్ని.

ఇక్కడ సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు రాక కరెంటూ లేదు. ఈ ఉత్తరం లావణ్యకు ఇవ్వడానికి షేర్ ఆటోలో వేలాడుతూ పోయి, మిగతాది నడవాలి. మీ అద్దాల మేడల్లో మాత్రం పట్టపగలే లైట్లు. మా ఇంట్లో కొవ్వొత్తులు కూడా అయిపోయాయి, కొంచెం సిగ్గుపడండి.

మైత్రి సంగతి విను. ఈసారి కూకట్‌పల్లిలో రత్నమాల ఇంట్లో. ఆమెది తెనాలి. మన కనకమ్మది మెదక్ పక్క పల్లె. ఆమె కొడుకు బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. చెవి మిషను పెట్టుకుని వెళ్ళాను కాబట్టి అంతా విన్నాను, నా ఖర్మ.

మనవులు చెప్పండి అనగానే కనకమ్మ లేచింది. "తెలంగాణ రావాలె అని ప్రార్థన జేద్దాం. పోరగాండ్లు పానాలు ఇడుస్తున్నరు."

రత్నమాల ముఖం మాడిపోయింది. "అయితే అందరం కలిసుండాలని మేం చేస్తామండీ. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. పొమ్మంటే ఎక్కడికి పోతామండీ?"

"నిన్ను పొమ్మని ఎవలన్నరు?"

"మీవాళ్ళేనండీ, రోజూ టీవీలో!"

ఒకరు సంచీ సర్దుకున్నారు, ఒకరు చెప్పులు వేసుకున్నారు. ఇగ మైత్రి పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడు నీ శీలన్ పేరు ఎత్తాను. ఆ తల్లి సంగతంతా చెప్పాను. ప్రిస్సీ, చెప్పులు వేసుకున్నామె మళ్ళీ విడిచింది. అందరం మోకరించాం. జయశీలన్ అనడానికి నోరు తిరగక కనకమ్మ "మా జయశీలుడు, మా జయశీలుడు" అని ఒకటే ఏడుపు. రత్నమాల ఆమె వీపు మీద చెయ్యి వేసింది. వచ్చే గురువారం ఇద్దరూ ఆ పిల్లవాడి కోసం ఉపవాసం ఉంటారట.

టీవీలో పొద్దున లేస్తే యుద్ధం, యుద్ధం అంటున్నారు. నీ ఉత్తరం చదివాక నాకు ఆ మాట నోటికి రావడం లేదు.

చీకటిపడేలోపు ఇల్లు చేరమని చెబుతూ,
అమ్మ

*

జాఫ్నా,
సెప్టెంబరు చివర

ప్రియమైన అమ్మా,

కూర్చుని చదువు.

నిన్న ఒకతను కాలికి కట్టు కట్టించుకోవడానికి ఆసుపత్రికి వచ్చాడు. ఒక కాలే ఉంది. షెడ్డులో శీలన్ సైకిలు చూసి, ఇది తొక్కేది ఎవరని నర్సును అడిగాడట. ఆమె నా దగ్గరికి తీసుకొచ్చింది. అతను తమిళంలో చెబుతుంటే ఆమె ఇంగ్లీషులో చెప్పింది.

అతనే యోగన్. శీలన్‌తో పెళ్ళికి వెళ్ళినవాడు. యుద్ధం చివరి రోజుల్లో సముద్రపు ఒడ్డున కందకంలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారట. గుండు పడింది. ఇతని కాలు పోయింది, శీలన్ ప్రాణం పోయింది. డేకుతూ వెళ్ళి ఇసుక తవ్వి, తన చేతులతోనే పూడ్చానన్నాడు. చేతులు చూపించాడు అమ్మా, వాటి మీద ఇంకా ఇసుక ఉన్నట్టు.

సైన్యం శిబిరం నుంచి వదిలిపెట్టి ఏడాది దాటిందట. పక్క వీధిలోనే ఉంటాడు. రాసమ్మ గారి ముఖం చూడలేక ఆ వీధిలో అడుగు పెట్టడు. పైగా అక్కడ చూసింది నోరు విప్పి చెబితే మళ్ళీ పట్టుకుపోతారని భయం. "మీరు బయటివాళ్ళు. చెప్పి వెళ్ళిపోతారు. నేను ఇక్కడే బతకాలి. మీరే చెప్పండి" అన్నాడు.

రాత్రి రాసమ్మ గారు నాకు చేపముల్లు తీసి పెడుతూ, మీవాళ్ళు ప్రార్థన చేస్తున్నారా అని అడిగింది. చేస్తున్నారు అన్నాను.

మైత్రిలో ఇక ఆ పేరు ఎత్తవద్దు. పోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చేయం కదా. మరి ఆమెకు నేనెలా చెప్పేది? నాకు చేతకాదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

దిక్కుతోచని
నీ ప్రిస్సీ

*

మియాపూర్,
అక్టోబరు

నా ప్రియమైన బిడ్డా,

నీ ఉత్తరం పట్టుకునే మైత్రికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

వెళ్ళేసరికి రత్నమాల ఒక బియ్యం సంచి కనకమ్మ ఆటోలో పెట్టిస్తోంది. కొడుక్కి జీతం లేదు కదా. "నాకెందుకమ్మా ఇది" అని కనకమ్మ గింజుకుంటుంటే, "జయశీలుడి కోసం ఇద్దరం పస్తులున్నాం, మనకు మొహమాటమేంటండీ" అంటోంది రత్నమాల. అది చూశాక నీ ఉత్తరం సంచీలోనే ఉంచేశాను. ఆ పేరు తీసేస్తే ఆ ఇద్దరికీ కలిపి చెప్పుకోవడానికి ఇంకొక మాట లేదు. నేనూ వాళ్ళతోపాటు మోకరించి, చనిపోయిన పిల్లవాణ్ణి ఇంటికి చేర్చమని దేవుణ్ణి అడిగాను. ఆయన ఏమనుకున్నాడో!

కానీ నువ్వు మాత్రం చెప్పాలి. వార్డు గుమ్మంలో ఎంతమంది తల్లులకు చెప్పానో నేను. నిలబడి చెప్పొద్దు, పక్కన కూర్చో. తిప్పి తిప్పి చెప్పొద్దు, పోయాడు అనే మాట ముందే అనెయ్యి. దేవుని చిత్తం అని మాత్రం అనకు. ఆ మాట అన్నందుకు ఒక తల్లి నన్ను లాగి కొట్టింది. మంచి పని చేసింది.

నాకు చేతకానిది నీకు చెబుతున్నాను. తిట్టుకో, పర్వాలేదు.

నిన్ను ఒంటరిగా వదిలేసిన
అమ్మ

*

జాఫ్నా,
అక్టోబరు

ప్రియమైన అమ్మకు,

పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. "యోగన్ కనిపించాడు" అన్నాను. అంతే, ఆమె నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలుసు" అంది.

ఎలా తెలుసు అంటే, ఏమందో తెలుసా? "యోగన్ నా చేతి అన్నం తిని పెరిగాడు. శిబిరం నుంచి వచ్చి ఇన్నాళ్ళయినా మా వీధిలోకి రాలేదు. ఇంకా నాకెవరు చెప్పాలి?"

మరి ఇదంతా ఎందుకండీ, ఈ ఫోటో, ఈ ప్రార్థన అని అడిగేశాను. నాకు కోపం కూడా వచ్చింది అమ్మా, నిజం. ఆమె చీర కొంగు మడతపెడుతూ చెప్పింది.

"పోయాడని నేనంటే ఎలా పోయాడంటారు సైన్యం వాళ్ళు. ఎవరు చెప్పారంటారు. యోగన్‌ను తీసుకుపోతారు. ఆ ఒక్కడైనా వాళ్ళమ్మకు మిగలనీ. ఇక్కడ నేను గట్టిగా ఏడవడానికి కూడా లేదు. పోయాడంటే మీ గుడిలోనూ మా గుడిలోనూ వాడి పేరు ఎత్తరు. తప్పిపోయాడంటే ఎత్తుతారు. ఎక్కడో ఒకచోట నా బిడ్డ పేరు నలుగురూ గట్టిగా అనాలి. అందుకే అడుగుతాను."

నేను ఆమెను ఓదార్చాల్సింది. ఆమే నా కళ్ళు తుడిచింది. మీవాళ్ళను మానవద్దని చెప్పు అంది. ఇది అబద్ధపు ప్రార్థనో, ఏమో. నాకు ఏదీ తెలియడం లేదు. నువ్వేం చేసినా సరే.

నీ ఒడిలో తల పెట్టుకోవాలనుంది.
ప్రిస్కిల్లా

*

మియాపూర్,
అక్టోబరు చివర

ప్రియమైన ప్రిస్సీకి,

సమ్మె ఆగింది. బస్సులు తిరుగుతున్నాయి. ఈ గురువారం మైత్రి మన ఇంట్లో. పేరు ఆపేది లేదని తీర్మానించుకుని, టీ పెట్టి, చాప పరిచి కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు.

రత్నమాల వాళ్ళ గేటు మీద ఎవరో రాత్రికి రాత్రే "ఆంధ్రోళ్ళు పోవాలి" అని రాసిపోయారట. ఇల్లు అమ్మకానికి పెట్టి తెనాలి పోతున్నారు. కనకమ్మ ఇంటికి పోయి బతిమాలాను. "నేను రాసిన్నా అక్కా? నా ముంగటనే తలుపేసుకున్నది. ఇగ నేను రాను" అని ఏడ్చింది. జయశీలుడి కోసమైనా రా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆ పేరు కూడా వాళ్ళను కూర్చోబెట్టలేకపోయింది బిడ్డా.

నేనొక్కదాన్నే మోకరించి గట్టిగా ఆ పేరు అన్నాను. తలుపు తీసే ఉంది. పై వాటాలో ఉండే నాగమణి, అదే, కడప వాళ్ళు, మెట్లు దిగుతూ విని లోపలికొచ్చింది. "ఎవురమ్మా ఆ పిల్లోడు? మీ బంధువులా?" అని అడిగింది. ఆమెకు మన గుడి పట్టింపులు లేవు కదా. మొదటిసారి నిజం చెప్పేశాను. పోయాడమ్మా, చంపేశారు, అన్నాను. అనగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చాప మీద నా పక్కన కూర్చుంది.

"ఏ పొద్దు పోయినాడో చెప్పమ్మా. మా దేవుడి గూట్లో ఏటేటా ఆ పొద్దుకు దీపం పెడతా" అంది.

మనకు ఆ ఆచారం లేదనబోయి నోరు మూసుకున్నాను. ఆ పొద్దు ఏదో కన్నతల్లికే తెలియదమ్మా అన్నాను.

ఆ పొద్దు ఏదో యోగన్‌ను అడుగు ప్రిస్సీ. ముందు ఆ తల్లికి చెప్పి, తర్వాత మాకు రాయి.

నాగమణి పక్కనే ఉంది,
నీ అమ్మ
సువార్తమ్మ