ఆస్పత్రి కదలదు

ఫిబ్రవరి 11

సున్నం, నీలం పొడి, రెండు బ్రష్‌లు కొన్నాను. ఖర్చు పక్కన నాలుగు మాటలు రాసుకోవడం నాకు అలవాటు. మనుషులతో కన్నా ఈ పుస్తకంతోనే ఎక్కువ మాట్లాడతానని అక్క దెప్పుతుంది.

అసెంబ్లీ ఎన్నికల పని దొరికింది. ప్రతిపక్షం అభ్యర్థి. గుర్తు గొడుగు. మా వీధి గోడలన్నీ నాకే. మిగతా పెయింటర్లు ఎవరి గోడ కనిపిస్తే ఆ గోడ మీద రాసేసి పోతారు. నేను తలుపు కొట్టి అడుగుతాను. ఇంటివాళ్లు సరేనంటేనే సున్నం వేస్తాను. బడికి పోలేదు, షాపుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ పద్ధతి మాత్రం ఎవరినీ చూసి నేర్చుకున్నది కాదు.

ఫిబ్రవరి 13

టైలరమ్మ గోడ ఇవ్వనంది. మలుపులో ఉన్న గోడ, వీధిలో అన్నిటికన్నా పెద్దది. వీధి చివరి సర్కారు ఆస్పత్రిని ఎత్తేసి ఆ జాగాలో షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని ఇప్పుడున్న గంట పార్టీ ప్రభుత్వం చూస్తోంది. ఆస్పత్రి కదలదని నీ గొడుగాయన చేత చెప్పించు, అది కూడా గోడ మీద రాయి, లేకపోతే డబ్బా తీసుకుని నడువు తమ్ముడూ, అంది. మిగతా ఇళ్లలోనూ ఇదే పాట.

ప్రచారం చూసేది అభ్యర్థి బావమరిది. వెళ్లి అడిగాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, రాసెయ్ రాసెయ్, బావ ఒప్పుకున్నాడు, అన్నాడు.

పేరు, గొడుగు, కింద పెద్ద అక్షరాలతో: ఆస్పత్రి కదలదు.

ఫిబ్రవరి 20

అభ్యర్థి వచ్చాడు. టైలరమ్మ గోడ ముందు ఆగి నేను రాసింది పైకి చదివాడు. బాగా రాశావోయ్ అని అక్షరాల మీద వేలు పెట్టాడు. రెండో పూత అప్పుడే వేశాను, రంగు ఇంకా ఆరలేదు, బొటనవేలికి నీలం అంటుకుంది. నా గుడ్డే తీసుకుని తుడుచుకున్నాడు.

అక్క కుంటుకుంటూ ఎదురుపడింది. షుగరు వల్ల పాదానికి పుండు. రోజూ ఆ ఆస్పత్రికే వెళ్లి కట్టు మార్పించుకుంటుంది. ఒక్కరోజు మానినా చీము పడుతుంది, ముదిరితే పాదం తీసెయ్యాలి అని డాక్టరు చెప్పాడు. అభ్యర్థి కట్టు చూసి, నేనున్నాను కదమ్మా, అన్నాడు. అక్క ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పింది ఆ మాట.

మార్చి 30

ఓటేశాం. అక్కని ఆటోలో తీసుకెళ్లాను.

ఏప్రిల్ 8

మా దగ్గర గొడుగు గెలిచింది. రాష్ట్రంలో మాత్రం మళ్లీ గంటే, అదీ బొటాబొటీగా. మన వీధి లేకపోతే ఈయన ఇంట్లో కూర్చునేవాడు అని టైలరమ్మ కనపడ్డవాళ్లందరికీ చెబుతోంది.

ఏప్రిల్ 21

గొడుగాయన గంట పార్టీలో చేరాడు. నియోజకవర్గం అభివృద్ధి కోసమట. టీవీలో ముఖ్యమంత్రి పక్కన పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు.

ఏప్రిల్ 22

ఆ గోడలు చూడలేక వెనక సందులోంచి ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 25

బావమరిది వచ్చాడు. పేరు ఉంచు, గొడుగు తీసి గంట వెయ్, కింద లైన్ కొట్టెయ్, అన్నాడు. అడగాలి అన్నాను. ఎవర్ని, గోడనా, అని నవ్వాడు.

అడిగాను. సెలూన్ నడిపే కుర్రాడు, నా గోడ మీద గంట కనిపించిందో నీకు గుండు గీసేస్తా బాబాయ్, అన్నాడు. రిటైరైన డ్రైవర్ మామయ్య, నేను ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను, ఇంత సడన్‌గా ఏ రోజూ తిప్పలేదురా, అన్నాడు. ఒక్క ఇల్లూ ఒప్పుకోలేదు. ఆ మాటే చెప్పి వచ్చేశాను. బావమరిది నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

మే 3

ఆస్పత్రి గేటుకి నోటీసు అంటించారు. పదో తారీఖున సామాను తరలిస్తారు. కొత్త ఆస్పత్రికి రెండు బస్సులు మారాలి. అక్క పాదానికి కట్టు కడుతూ నర్సమ్మ తల ఎత్తలేదు. ఈ కాలితో రోజూ ఎలా వస్తావు పెద్దమ్మా అని మాత్రం అంది.

మే 5

టీవీలో ఎమ్మెల్యేని ఆస్పత్రి గురించి అడిగారు. ఆ మాట నేను ఇవ్వలేదు, ఎవరో పెయింటర్ తనకి తోచింది రాసుకున్నాడు, గోడ మీద రాతలకి కూడా నేను జవాబు చెప్పాలా, అన్నాడు. విలేకరులు నవ్వారు.

పార్టీ మారాడు, సరే. ఆస్పత్రి అమ్ముకున్నాడు, వాడి పాపం వాడిది. ఇప్పుడు అబద్ధం నాదట. తలుపు తలుపూ కొట్టి, బతిమాలి, ఆ గోడలు తెచ్చింది నేను. నన్ను చూసి ఇచ్చారు, వాణ్ని చూసి కాదు. నా చేత్తో నా మొహానే మసి పూయించాడు.

మే 6

సెలూన్‌కి వెళ్లాను. గడ్డం సగం అయింది. కుర్రాడు కత్తి పక్కన పెట్టి, నిజం చెప్పు బాబాయ్, ఆ లైన్ నువ్వే కలిపావా, అన్నాడు. సగం గడ్డంతోనే లేచి వచ్చాను.

అక్క ఊరుకోలేదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా, నువ్వు ఇలా మూగమొద్దులా ఉంటే వాడు చెప్పిందే నిజమవుతుంది, అని కడిగేసింది.

మే 7

పొద్దున్నే సున్నం డబ్బాతో టైలరమ్మ తలుపు కొట్టాను. పేరూ గొడుగూ తుడిచేస్తాను, కింద రాసిన మాట ఉంచుతాను అన్నాను. కానివ్వు అంది.

సున్నం వేస్తుంటే జనం చేరారు. నిచ్చెన మీదనుంచే చెప్పాను. బావమరిది ఏమన్నాడో, ఎమ్మెల్యే ఎక్కడ నిలబడి చదివాడో, ఏ వేలికి రంగు అంటిందో. జన్మలో అంత మాట్లాడలేదు. నేను ఈ గుమ్మంలోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను, అని టైలరమ్మ అందుకుంది. సెలూన్ కుర్రాడు, రా బాబాయ్, మిగతా గడ్డం చేస్తా, అన్నాడు.

ఆ తర్వాత టైలరమ్మ, మాట అన్నాక కింద ఎవరిదో ఒకరిది పేరు ఉండాలి కదా, నాది రాయి, అంది. రాశాను. తర్వాత ప్రతి ఇంటివాళ్లూ పిలిచారు. డ్రైవర్ మామయ్య ఇంటిపేరుతో సహా రాయమన్నాడు. కుర్రాడు తన పేరు ఆయన పేరు కన్నా పెద్దగా ఉండాలన్నాడు. సాయంత్రానికి వీధిలో ఎమ్మెల్యే పేరు ఎక్కడా లేదు.

మే 9

బావమరిది ఫోన్. ఇక నీకు ఈ ఊళ్లో బ్రష్ పట్టుకునే పని దొరకదు అన్నాడు. సరే అన్నాను.

మే 10, ఉదయం ఏడు

లారీ వచ్చింది. ఆస్పత్రి గేటు ముందు టైలరమ్మ వాళ్లు అప్పటికే అడ్డంగా నిలబడ్డారు. అక్క కుర్చీ తెమ్మంది. ఏ కుర్చీ అన్నాను. చేతులున్నది తే, ఎంతసేపు కూర్చోవాలో ఏమో, అంది.