దుకాణం ఎవరిదంటే

నారాయణపేట,
మే నెల, 2024.

అన్నకు నమస్కారాలతో చెల్లెలు కౌసల్య రాస్తున్నది. ఇక్కడ అమ్మా, బాపూ, నేనూ బాగానే ఉన్నాం. నా కోపం మా అందరికన్నా ఆరోగ్యంగా ఉంది. ఫోన్లో చెబితే మధ్యలోనే నవ్వి, తర్వాత మాట్లాడదాం అంటావని కాగితం మీద పెడుతున్నాను.

సూరత్ నుంచి జరీ పార్సిల్లో నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. అమ్మ బీపీ మాత్రలు మానలేదు. బాపు మోకాళ్ళ సంగతి అడిగావు. మగ్గం గుంటలోకి దిగేటప్పుడు నోరెత్తడు, పైకి లేచేటప్పుడు మాత్రం వాడంతా వినిపిస్తుంది. నీకు కాబోయే భార్య శ్రీలత కోసం పసుపు చీరెకు ఎర్రంచు వేయిస్తున్నాను. ఆమెకు నచ్చుతుందనే అనుకుంటున్నా.

ఇక నీ చివరి ప్రశ్న. "ఎంబీఏ సీటు సంగతేమాయె, నీ అప్లికేషన్‌ల బలమెంతున్నది?" అని రాశావు. బలం సంగతి విను. పరీక్షలో మార్కులు మంచివే. ఇంటర్వ్యూలో తడబడలేదు. హైదరాబాదు కోచింగ్ సారు మాత్రం నా కాగితాలు తిరగేసి, డిగ్రీ తర్వాత ఐదేళ్ళు ఖాళీగా ఉన్నాయి, అదే పెద్ద లోటన్నాడు. ఖాళీ అట! ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నానా నేను? లాక్‌డౌన్‌లో చీరెలు గుట్టలు పడితే ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్మిందెవరు? పెద్ద గళ్ళు పోవడం లేదని నేతగాళ్ళ ఇల్లిల్లూ తిరిగి, ఒప్పించి, చిన్న గళ్ళు నేయించిందెవరు? ఇంకా ఘోరం, మీ నాయిన పేదరికం గురించి రెండు కన్నీటి మాటలు రాయమ్మా, సీటొస్తుంది అని సలహా ఇచ్చాడు. బాపు మనల్ని బట్ట నేసి పెంచాడు, అడుక్కొచ్చి కాదు. ఒళ్ళు మండి లేచి వచ్చేశాను. మన చీరెల దుకాణం నడిపిన సంగతే ఉన్నదున్నట్టు రాసి పంపాను.

కాలేజీవాళ్ళు సీటు ఇచ్చామనీ అనలేదు, లేదనీ అనలేదు. వెయిటింగ్ లిస్టు అన్నారు. పొద్దున లేస్తే ఫోన్ చూసుకోవడం, ఎక్కడ తక్కువయ్యానో అని నన్ను నేను తిట్టుకోవడం. నిన్న ఆగలేక నేనే కాలేజీకి ఫోన్ చేశాను. "నువ్వు రాసిన దుకాణం గురించి కనుక్కుంటే అది నీది కాదని తేలిందమ్మా" అని అక్కడి మేడమ్ మెల్లగా చెప్పింది.

వాళ్ళు కనుక్కున్నది ఎవరినో తెలుసా? బాపును. దుకాణం కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఆయన ఎత్తాడు. నేను అడిగితే ఏమీ దాచలేదు.

"ఎవరో ఆడామె ఫోన్ జేసింది. దుకాణం ఎవరు నడుపుతరు, మీ బిడ్డ ఏం జేస్తదని అడిగింది. కాలేజీ అని ఏదో చెప్పింది గని, శ్రీలతోళ్ళే గట్ల ఆరా తీయిస్తున్నరనుకున్న. దుకాణం మా కొడుకు శివకుమార్‌దే, బిడ్డ ఇంట్లనే ఉంటది, గడప దాటదు అని చెప్పిన. తప్పయిందా బిడ్డా?"

ఏం చెప్పమంటావు? సంబంధాలు చూసేటప్పుడు ఇరుగుపొరుగుకు ఫోన్లు చేసి గుట్టు లాగడం మనవాళ్ళకు మామూలే. నువ్వు సూరత్ మిల్లులో ఉద్యోగం చేస్తూనే ఇక్కడ దుకాణం కూడా నడిపిస్తున్నావని మహబూబ్‌నగర్‌లో శ్రీలతవాళ్ళకు చెప్పింది నువ్వూ, బాపూనే. బిడ్డ సంపాదన తింటున్నాడని నలుగురూ అంటారని బాపు భయం. మరి నీకేం భయం? సొమ్మొకడిది సోకొకడిది అంటే నవ్వుకునేదాన్ని, ఇప్పుడు మనింట్లోనే చూస్తున్నాను. బోర్డు మీద నీ పేరు, కార్డు మీద నీ పేరు, లైసెన్సు కూడా నీ పేరే. దసరాకు వచ్చి, ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగి పోతావు. పైగా నా బలమెంతో నువ్వే అడుగుతావు.

ఇంతవరకూ చెప్పకుండా ఆపుకున్న మాట ఒకటుంది. నిన్ననే ఆ మేడమ్‌కు నీ నంబరు ఇచ్చాను. నిన్ను అడగకుండానే ఇచ్చాను. దుకాణం ఎవరి పేరు మీద ఉందో ఆయనే, నడిపేది నువ్వని చెబితే మళ్ళీ చూస్తామంది. పైవారం నీకు ఫోన్ వస్తుంది. నువ్వు నిజం చెబితే శ్రీలతవాళ్ళకూ చెప్పక తప్పదు. వాళ్ళేమంటారోనని నాకూ భయంగానే ఉంది. అబద్ధం చెబితే నా సీటు పోయినట్టే.

బాపును మాత్రం ఒక్క మాట అనకు. నిన్నటి నుంచి సరిగా తినడం లేదు.

ఫోన్ వచ్చినప్పుడు నన్ను పొగడొద్దు. తెలివైనదనీ కష్టపడుతుందనీ ఏమీ చెప్పొద్దు. ఆ దుకాణంలో నువ్వు ఇప్పటిదాకా ఒక్క చీరె కూడా అమ్మలేదని చెప్పు. నాకు అది చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు
కౌసల్య