నా బదులు మీరు చెప్పిన జవాబు

ఏమండీ, వంట చేసి బల్ల మీద మూత పెట్టాను, చల్లారకముందే తినండి. మబ్బు పట్టింది, డాబా మీద బట్టలు తీయడం మర్చిపోకండి. నేను లైబ్రరీకి వెళ్తున్నాను.

చూపు లేని పిల్లల కోసం మీరక్కడ పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటే, ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని ప్రతి వాక్యం కిందా వేలు పెట్టి సరిచూసింది నేనే. మీరు తప్పు చదివినప్పుడల్లా బల్ల మీద టక్కున కొట్టి ఆపేదాన్ని. ఊళ్ళో అందరూ మీ గొంతు మెచ్చుకుంటుంటే నేనూ మురిసిపోయాను.

నిన్న కూరగాయల కొట్లో లైబ్రేరియన్ కనిపించింది. "పిల్లల కథలకి మీ గొంతు బావుంటుందని అప్పుడెప్పుడో అడిగితే, మా ఆవిడకి మైకంటే భయమని మీవారు చెప్పారండీ. భయం పోయిందా?" అని నవ్వింది. నాకు భయమన్న సంగతి నాకే నిన్న తెలిసింది! నన్నొక్క మాట అడిగారా? మీ తప్పులన్నీ పట్టానని మురిసిపోయాను గానీ, ఇది మాత్రం నా వెనకాల చేశారు. మీరు ఇలా చేస్తారని కలలో కూడా అనుకోలేదు.

"రేపే వచ్చి చదువుతానండీ" అని అక్కడికక్కడే చెప్పేశాను.

ఇంకో మాట. నా తప్పులు పట్టడానికి పక్కన ఒకరు కూర్చోవాలట. "మీవారు వస్తారుగా?" అందావిడ. "ఆయన్ని అడిగి చెప్తానండీ" అన్నాను.

అడుగుతున్నాను. వస్తారా?