మల్లవ్వ పహాణీలో నీ పెన్సిల్ చీటీ

నర్సింలన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇప్పటికీ నీ మీద నాకు కుళ్లే.

పొద్దున చేవెళ్ల దగ్గరి ప్రొద్దుటూరు మల్లవ్వను వెంటబెట్టుకుని ఆర్కైవ్స్‌కు వెళ్లాను. ఆమె మామ కౌలుకు దున్నిన భూమిలో వెంచర్ వాళ్లు హద్దురాళ్లు పాతారు. ఆయన పేరు, సాగుదారుల పేర్లుండే పాత పహాణీలో దొరక్కపోతే కోర్టులో ఆమె మాట నిలవదు. పహాణీ అంతా ఉర్దూ. నాకు ఒక్క అక్షరం రాదు. కట్ట విప్పితే ఆ పేజీ దగ్గరే నీ పెన్సిల్ చీటీ, తెలుగులో: "కౌలుదారు ఎర్ర బాలయ్య, ప్రొద్దుటూరు." నకలుకు దరఖాస్తు పెట్టాం.

చేవెళ్లలో మౌల్వీ సాబు ముందు కూర్చుని నువ్వు ఈ కట్టలు చదవడం కోసం ఉర్దూ అలిఫ్, బే దిద్దుతుంటే, "విప్లవం కాగితాల కట్టల్లో ఉంటదా అన్నా?" అని వెక్కిరించింది నేనే. భూమి మీద ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నాను. పాలకులను, దళారులను ఉతికి ఆరేశాను. వాటిలో ఒక్కటీ మల్లవ్వ దాకా పోలేదు. నీ చీటీని మాత్రం ఆమె కళ్లకద్దుకుంది.

"గీ చీటీ నువ్వే రాసినవా సారూ?"

అవుననాలనిపించింది. తిరుగు బస్సు మొయినాబాద్ దాటేదాకా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

"కాదవ్వా. మా నర్సింలన్న రాసిండు. నిరుడు పోయిండు."

"అయ్యో!" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. "మరి నువ్వేం జేస్తవ్ సారూ?"



రేపు మౌల్వీ సాబు దగ్గరికి పోతున్నాను. నవ్వకు.