నాన్న గొంతు

కిరండూల్,
బుధవారం.

అమ్మకు నీ పెద్దకొడుకు పైడిరాజు దండం పెట్టి రాసేది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వరాలు, బావ, పిల్లలు బాగున్నారా? ఊడుపులు అయ్యాయా, ఇంకా వాన కోసం చూస్తున్నారా? ఇక్కడ మేం ముగ్గురం ఉన్నాం. ఎలా ఉన్నామో వరసగా రాస్తాను, తొందరపడకు. కంగారు పడాల్సిందేమీ లేదని ముందే చెబుతున్నాను.

చెల్లీ వరాలూ, దీన్ని అమ్మకు నువ్వే చదివి వినిపించు. అరుగు మీద నలుగురిలో కాదు, లోపల కూర్చోబెట్టి చదువు. మా వర్క్‌షాపులో వెల్డింగు చేసే అప్పారావు సెలవు మీద ఊరొస్తున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. పోస్టులో వేస్తే ఆదివారం లోపల అందదు. ఆదివారం ఎందుకో చివర్లో రాస్తాను.

ఇక్కడ ఇరవై రోజులుగా ఒకటే వాన. గని కొండ మీదికి మబ్బు దిగిపోయి, ముందు వెళ్లే డంపరు వెనకున్నవాడికి కనపడటం లేదు. డ్యూటీ బస్సు దిగేసరికి మోకాళ్ల దాకా ఎర్ర బురద. నాగరత్నం నా బట్టలు విడిగా ఉతుకుతుంది, ఎంత ఉతికినా ఇటుక రంగు పోదు. తిండికి లోటు లేదు. అన్నం తింటున్నాను. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి ఇంకా ఉంది. ఆకలి లేదు గానీ తింటున్నాను.

ఇక అసలు సంగతి. అమ్మా, పిల్లాడికి కడుపులో నొప్పి, విశాఖలో పరీక్షలు చేయిస్తున్నామని రాశాను కదా. విశాఖ దాకా వచ్చి మన ఊరు రాకుండా పోయామని నువ్వు కోపగించుకున్నావు కూడా. అది సగం అబద్ధం. పరీక్షలకు కాదు, ఆపరేషనుకు వెళ్లాం. అయిదు వారాలైంది. పిల్లాడు బాగున్నాడు, గాయం మానింది. వరాలూ, ఇక్కడ కాస్త ఆగి అమ్మకు మంచినీళ్లివ్వు.

మూత్రపిండం మీద చిన్న టోపీలాగా ఒక గ్రంథి ఉంటుందట. అడ్రినల్ అంటారు. వీడికి ఎడమవైపు దాంట్లో గడ్డ లేచింది. క్యాన్సరే. ఆ మాట రాయడానికి రెండు కాగితాలు చింపేశాను. పిల్లల్లో ఇది ఎంత అరుదంటే, వార్డులో ఉండే కుర్ర డాక్టరు "ఇంతవరకూ పుస్తకంలోనే చదివానండీ, చూడటం ఇదే" అన్నాడు. అతను మంచివాడే, కానీ ఆ మాట నాకెందుకు చెప్పాడో. మా వాడేం చేశాడని ఎవరికీ రానిది వాడికి రావాలి?

మగవాడికి పద్దెనిమిదేళ్లకు గడ్డం, మీసం, గొంతు రావడానికి ఒంట్లో ఏదో ఊరుతుంది కదా, ఆ గడ్డ దాన్ని నాలుగేళ్ల పిల్లాడి ఒంట్లోకి కుమ్మరించింది. పెదవి మీద నూగు, మొహం మీద మొటిమలు, తోటి పిల్లలకంటే జానెడు ఎత్తు, గట్టిపడ్డ జబ్బలు, ఆ బొంగురు గొంతు, అన్నీ దానివల్లే. అమ్మా, నీకిప్పుడు అర్థమైపోయి ఉంటుంది. నేను మాత్రం దాన్ని చెప్పలేక కొండమీద వాన గురించి రాస్తూ వచ్చాను.

అది నాన్న గొంతు కాదమ్మా.

తప్పు నీది కాదు. మొదట అన్నది నేనే. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి తలుపు కొడితే లోపల్నుంచి "ఎవలూ?" అని వినిపించింది. అచ్చం నాన్న. తలుపు తీసింది చూస్తే మా వాడు. నాన్న పోయిన ఏడాదికి పుట్టాడు, నాన్న పేరే పెట్టుకున్నాం, నాన్నే తిరిగొచ్చాడని ఆ రోజే నీకు ఉత్తరం రాసి పడేశాను. వర్క్‌షాపులో అందరికీ చెప్పుకున్నాను. మా ఫోర్‌మన్ బిలాస్‌పూర్ ఆయన, వీణ్ణి ఛోటా పహిల్వాన్ అంటూ భుజాన ఎక్కించుకుని తిప్పేవాడు. నా ఛాతీ ఎంత పొంగిందో ఏం చెప్పను.

నాగరత్నానికి మాత్రం మొదట్నుంచీ అనుమానమే. ఈ వయసులో ఈ వెంట్రుకలేంటి, ఒకసారి డాక్టరమ్మకు చూపిద్దాం అంది. ఒకసారి కాదు, చాలాసార్లు అంది. మా నాన్నను డాక్టరుకు చూపిస్తావేమే అని నేను నవ్వి కొట్టిపారేశాను. ఎన్ని నెలలు పోయాయో లెక్క వేసుకోవడానికి భయమేస్తోంది.

అంతలో ఎండాకాలం నువ్వు వచ్చావు. వాడు గదిలోకి వస్తే లేచి నిలబడేదానివి. వాడు దగ్గితే తలమీదికి కొంగు సర్దుకునేదానివి. వాడు తినకుండా నువ్వు తినలేదు. మేమంతా చూసి నవ్వుకున్నాం, కళ్లు తుడుచుకున్నాం. నువ్వు ఎన్నేళ్ల తర్వాతో అంత సంతోషంగా ఉన్నావు. నిన్ను చూసి నాకు ఇంకా గట్టిగా నమ్మకం కుదిరింది.

నువ్వు వెళ్లిన పదిరోజులకు ముత్తక్క వచ్చింది. తర్రెం దగ్గర పల్లెటూరు ఆమెది, చీపుర్లు, చింతపండు అమ్ముకుంటూ మా క్వార్టర్ల వైపు వస్తుంది. మాతో తెలుగు, పక్కింటివాళ్లతో హిందీ, సంతలో గోండీ మాట్లాడుతుంది. వీణ్ణి ఎత్తుకుని ముద్దు చేయబోయి ఠక్కున దించేసింది.

"ఏందన్నా ఇది? పోరనికి ఎడమ డొక్కల రాయి లెక్క తాకుతాంది. దవాఖానకు తీస్కపో" అంది.

తిండిపుష్టి అన్నాను నేను. "నవ్వుడు కాదన్నా" అని బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు నేను కొండమీద ఉండగా నాగరత్నం నాతో చెప్పకుండా వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నా పెళ్లాం ఆ రోజు నా మాట వినకపోబట్టే ఈ ఉత్తరం ఇలా రాయగలుగుతున్నాను. డాక్టరమ్మ బీపీ చూసి, ఇంత పిల్లాడికి ఇంత బీపీ ఏమిటని మళ్లీ చూసిందట. సాయంత్రం నన్ను పిలిపించి, ఈ మార్పులు ఎప్పట్నుంచని అడిగింది. మా నాన్న పోలికండీ అన్నాను. ఆవిడ విశాఖకు కాగితం రాసిచ్చింది.

ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, పరీక్షలని రాసినప్పుడే నువ్వు వరాలు చేత జవాబు రాయించావు, ఆయన ఒంటికి కత్తి తగలనివ్వకు అని. నీతో వాదించే ధైర్యం లేక చెప్పకుండా చేయించాను. తిట్టు, పడతాను. ఆపరేషను నాలుగు గంటలకు పైగా సాగింది. నేనూ నాగరత్నమూ గుమ్మం బయట బల్ల మీద కూర్చున్నాం. బత్తాయి పండంత గడ్డ, ఆ గ్రంథితో సహా తీసేశారు. తిత్తి పగలకుండా వచ్చింది, అది మంచిదన్నారు. కానీ పక్కనున్న రక్తనాళంలో కొంచెం పాకిందట. మిగిలిన వేరు ఎక్కడైనా ఉంటే చావడానికి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. ఒక విడత అయింది. వాంతులు, నోటిపూత. ఇప్పుడు తేరుకున్నాడు. తలమీద జుట్టు రాలిపోయింది, పెదవిమీద నూగూ పోయింది. మొటిమలు మాడిపోయి మొహం మళ్లీ పసిమొహమైంది. అమ్మా, వాడు చిన్నపిల్లాడు. ఇన్నాళ్లూ మనకు కనిపించనే లేదు. గొంతు మాత్రం పూర్తిగా మారకపోవచ్చన్నారు.

రెండో విడతకు వచ్చే మంగళవారం బయల్దేరాలి. ఈ వానలకు అరకు ఘాట్లో కొండచరియ పడి లైను మూసేస్తారేమోనని రోజూ స్టేషనుకు వెళ్లి అడుగుతున్నాను. నన్ను చూస్తే స్టేషన్ మాస్టరు ముందే తల ఊపేస్తాడు. బండి ఆగితే జగదల్‌పూర్ వెళ్లి బస్సు పట్టుకుంటాం. దానికి కంగారు లేదు.

కంగారంతా మాత్రలతో. ఇంట్లో రోజూ రెండు రకాల మాత్రలు వెయ్యాలి. ఒకటి ఆ గడ్డ జాతిని ఎండగట్టేది. అది మంచి గ్రంథిని కూడా ఎండగడుతుంది కాబట్టి, ఆ గ్రంథి చేసే పని చేయడానికి ఇంకొకటి. ఈ రెండోది ఒక్క పూట కూడా మానకూడదు. మానితే పిల్లాడు ఉన్నట్టుండి వాలిపోతాడు, ప్రాణం మీదికి వస్తుందని మరీ మరీ చెప్పారు. జ్వరమొస్తే లంఖణం కట్టించమని నువ్వు ఎప్పుడూ రాస్తావు. వీడికి అది పనికిరాదు. జ్వరమొస్తే ఆ మాత్ర రెట్టింపు వెయ్యాలి. వాంతి అయితే సూది వేయించాలి. లంఖణం మంచిదే అమ్మా, ఇంకెవరికైనా.

అయిదు రోజుల క్రితం నాగరత్నం వాడి మంచం కింద ఊడుస్తుంటే మాత్రలు దొరికాయి. నాలుగు. నోట్లో పెట్టుకుని, మేం అటు తిరగగానే ఉమ్మేస్తున్నాడు. ఎందుకురా అని అడుగుతూనే నాగరత్నం కూలబడి ఏడ్చింది. అప్పుడు వాడు వచ్చి, వాళ్లమ్మ గడ్డం పట్టుకుని, ఆ పెద్దమనిషి గొంతుతో అన్నాడు:

"ఏడవకే అమ్మా. నాను ముందుపాలి కూడా ఆసుపత్రికెల్లి సచ్చిపోనాను కదా. ఏటవదు. మల్లీ పుట్టీస్తాను."

వరాలూ, ఇది అమ్మకు రెండుసార్లు చదువు.

వాడికి చావంటే భయం లేదమ్మా. భయపడితే బతిమాలవచ్చు, బెదిరించవచ్చు. వీడు నిదానంగా చెబుతున్నాడు. ఎండాకాలం పక్కలో పడుకోబెట్టుకుని నువ్వు చెప్పావట, నువ్వు ఆసుపత్రికెళ్లి మరి రాలేదు నాయనా, నాకోసం మళ్లీ ఇలా వచ్చావు అని. వాడికది కథ కాదు. సూది బాధ పడేకంటే ఒకసారి పోయి వచ్చేస్తే సరిపోతుంది కదా అని వాడి లెక్క. అయిదేళ్ల పిల్లాడు వేసిన లెక్క అమ్మా ఇది.

నువ్వు తాతవి కాదురా అని నేను చెప్పాను. నాగరత్నం చెప్పింది. ఆఖరికి డాక్టరమ్మ హిందీలో చెప్పింది. అందరికీ ఒకటే జవాబు, మీకు తెలీదు, నానమ్మకే తెలుసు. అయిదు రోజులుగా మాత్ర పొడి చేసి తేనెలో కలిపి, నేను కాళ్లు పట్టుకుంటే నాగరత్నం ముక్కు మూసి పోస్తోంది. ఇలా ఎన్నాళ్లు పోయగలం? ఏడాది పైనే వాడాలి. పిల్లాడు మింగుతానని మింగాలి.

ఇంకోటి గమనించాను. ఈ ఇంట్లో వాడి పేరు పలికేవాళ్లే లేరు. మామగారి పేరని నాగరత్నం పలకదు. తండ్రి పేరని నాకు నోరు రాక తాతా అంటాను. నువ్వు సరేసరి, అప్పన్నకు మొక్కేటప్పుడు కూడా కొండమీది సామీ అంటావు గానీ ఆ దేవుడి పేరు నీ నోట ఎప్పుడూ వినలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడు తప్ప వాడు సింహాద్రి కాడు. అయిదు రోజులుగా నేను పిలుస్తున్నాను. నా నోటికింకా అలవాటు కాలేదు, పిలిచినప్పుడల్లా తప్పు చేసినట్టే ఉంటుంది. నీకెలా ఉంటుందో నాకు తెలుసు.

ఆదివారం పొద్దున పది గంటలకు వరాలుతో చీపురుపల్లి వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చెయ్యి. మా బజారులో బూత్ నంబరు వెనక రాశాను. బూత్ ఆయన మనవైపువాడే, ఫోను వస్తే మాట్లాడిస్తానన్నాడు. పిల్లాణ్ణి నేను అక్కడ కూర్చోబెడతాను.

వాడు "నానమ్మా" అంటాడు. ఆ గొంతు వినగానే నీకు నాన్న ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది. చెయ్యి కొంగు మీదికి పోతుంది. నోరు పెగలదు. అయినా పెగల్చుకో అమ్మా. వాడితో చెప్పు, నువ్వు తిరిగొచ్చినవాడివి కాదు, నువ్వు మొదటిసారి వచ్చావు, ఒక్కసారే వచ్చావు అని. మీ తాత పోయాడురా, పోయినవాళ్లు రారు అని చెప్పు. నాన్న నీకు మళ్లీ దక్కాడనుకున్నావు, ఈ మాటతో ఆయన్ను రెండోసారి పోగొట్టుకోమని అడుగుతున్నాను. కొడుకు అడగకూడనిది. వాడి కోసం అడుగుతున్నాను.

బావకు నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నాగరత్నం నీ కాళ్లకు దండం పెడుతోంది. ఎప్పుడూ ఉత్తరం చివర నీ దీవెనలు అడుగుతాను, ఈసారి నాకవి వద్దు. ఆదివారం ఫోన్లో వాణ్ణి దీవించనూ వద్దు. మా చిన్నప్పుడు మందు ఉమ్మేస్తే నువ్వు మమ్మల్ని ఎలా తిట్టేదానివో, వాణ్ణి అలా ఒరే అని, పేరు పెట్టి, బూత్ బయటికి వినపడేలా తిట్టు.

నీ కొడుకు
పైడిరాజు