కార్డు పోయింది

జగ్గయ్యపేట,
మంగళవారం.

చిరంజీవి లక్ష్మీప్రసన్నకు అన్నయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. నందిగామలో నువ్వూ అవినాషూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "అన్నయ్యా" అంటావు, నేను ఆగిపోతాను.

అటక మీద బిస్కెట్ల డబ్బాలో దొరికిందని నువ్వు పంపింది చేరింది. అదేమిటి, పనిచేస్తుందా, మనింటికి ఎలా వచ్చింది అని అడిగావు. అది పాత కంప్యూటర్లలో పెట్టే సౌండ్ కార్డు. అయితే మామూలుది కాదు. జానెడున్నర పొడవుంది, కంపెనీ పేరు లేదు. పాటలు వినిపించే చిప్పు పక్కనే మనిషి మాటను దాచుకునే చిప్పు ఇంకొకటి ఉంది. కరెంటు తీసేసినా ఆ మాట చెరగదు.

అవినాష్ దాని ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టాడు కదా, అది చూసి వీరేంద్ర అనే పెద్దాయన వాడి దగ్గర నా నంబరు తీసుకుని నిన్న ఫోన్ చేశాడు. క్వారీల కోసం ఇలాంటివి నాలుగే నాలుగు తన చేత్తో తయారుచేశాడట.

"వెనకాల నంబరెంతుందో చూడండి."

"మూడండి."

ఆయన ఇంకోసారి చూడమన్నాడు. "మూడోది మీ క్వారీకే ఇచ్చా. ప్రమాదం రోజు పోయిందన్నారే! ఫోటోలో కాలిన మచ్చయినా లేదు. ఆదివారం నందిగామ వస్తున్నా, మీ మేనల్లుడితో మాట్లాడతా."

అప్పటినుంచి అన్నం సయించడం లేదు. క్వారీలో పేలినప్పుడల్లా ఇక్కడ నా షాపు అద్దాలు కదలడం కొత్తేమీ కాదు. ఇవాళ కదిలితే మాత్రం మీ వదిన, "ఏంటండీ, అలా ఉలిక్కిపడతారు?" అంది.

ఆయన రాకముందే నేను చెప్పాలి. నేను క్వారీలో కంప్యూటర్ ఆపరేటరుగా ఉన్నప్పుడు, పేలుడుకు ముందు మైకులో హెచ్చరిక పలికేది ఈ కార్డే. అది వచ్చాక గంట కొట్టడం మానేశారు. మైకు పలకలేదంటే ఆ పూట పేలుడు లేనట్టే.

అవినాష్ మొదటి పుట్టినరోజుకి నా కంప్యూటర్‌లో పాటలు పెట్టాను, గుర్తుందా? నువ్వెంత మురిసిపోయావో! ఆ పాటలు ఈ కార్డువే. క్వారీలో ఎవరికీ చెప్పకుండా ఊడదీసి తెచ్చాను. అక్కడే పనిచేసే బావకి కూడా చెప్పలేదు. మర్నాడు సోమవారం పది గంటల పేలుడులోపు తిరిగి పెట్టేద్దామనుకున్నాను. బావ ముందు బస్సుకే డ్యూటీకి వెళ్ళిపోయాడు. నా బస్సు చిల్లకల్లు దగ్గర ఆగిపోయింది. నేను చేరేసరికి దుమ్ము ఇంకా అణగలేదు. బావ క్వారీ గుంతలోనే ఉండిపోయాడు.

మేనేజరు "కార్డు పోయిందా?" అని అడిగాడు. "పోయిందండి" అన్నాను. ఆయన చెడిపోయిందనుకున్నాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. నువ్వూ ఇరవై ఆరేళ్ళుగా "ఆ పాడు కార్డు పోబట్టే కదా" అని దాన్నే తిట్టుకుంటున్నావు. నేను దిద్దలేదు. ఆ వారమే దాన్ని అటకెక్కించాను. నీ పేరు ముందు చి.ల.సౌ. అని రాయకుండా చేసింది నేనేనమ్మా.

పనిచేస్తుందా అన్నావు. నిన్న పాత కంప్యూటర్‌లో పెట్టి చూశాను. అందులో ఉన్నది బావ గొంతు. ఆ హెచ్చరిక అప్పట్లో బావ చేతే చెప్పించారు. "పేలుడుంది, అందరూ పైకి రండి" అని మూడుసార్లు పిలిచాడు. ఆ సోమవారం ఈ పిలుపు కోసమే కింద ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు.

అవినాష్ వాళ్ళ నాన్న గొంతు ఎరగడు. కార్డుని ఆ కంప్యూటర్‌తో సహా ఈ ఉత్తరం వెంట పంపుతున్నాను, బటన్ నొక్కితే చాలు. వాడికేం చెబుతావో, నన్ను నీ గడప తొక్కనిస్తావో లేదో నీ ఇష్టం.

కార్డు పోలేదమ్మా.

ఇట్లు,
నీ అన్నయ్య
కోటిలింగం