గౌరి పాలు చేపలేదు

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. ఈ సంగతి నీకే చెప్పాలి.

సగం దించిన దుకాణం షట్టరు కింద వంగి వస్తుంటే అది నా తలకు బలంగా తగిలింది. నెల దాటింది. స్కానింగులో ఏమీ లేదు. “తల అదిరింది. కొన్ని రోజులు కండ్లు తిరుగుతయ్, గాబరైతది, తగ్గుతది” అన్నాడు డాక్టరు. అయినా శాలిబండ సందులో ఆటో హారన్ మోగితే గోడ పట్టుకుని నిలబడుతున్నాను.

నిరుడు పాల క్యాన్లతో బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పుడు నువ్వు “ఏం గాలేరా, ఫికర్ చెయ్యకు” అన్నావు. దవాఖానకు రానన్నావు. మర్నాడు మన బర్రె గౌరి నీ చేతికి చేపలేదు. పొదుగు నిండుగా ఉన్నా ఒక్క చుక్క దించలేదు. “నీ మీద అలిగినట్టుంది” అని వదిన నవ్వింది. అందరం నవ్వాం. ఆ వారంలోనే నువ్వు పోయావు.

ఈరోజు పొద్దున, ఏడాదిగా రోజూ పిండుతున్నట్టే, గౌరి పొదుగు కడిగి, నీలాగే పేరు పెట్టి పిలిచాను. అది తల తిప్పి నన్ను వాసన చూసి దూరం జరిగింది. ఎంతసేపు కూర్చున్నా చేపలేదు.

“చేతులు వణుకుతున్నయ్ గదా వదినా, గందుకే.”

వదిన నవ్వలేదు. నా చెప్పులు తెచ్చి ముందర పెట్టింది.

“దవాఖానకు పోదాం పా. ఏం గాలే అని మాత్రం అనకు.”

ఆ మాటే నా నోట్లో ఉందన్నా.